రెండు సెంట్ల తివాచీ

సొంత మడిలో కూరలు పండించుకోవడంలో ఎంత సుఖం ఉందో తెలియనివాళ్ళు ఎవరైనా ఉంటే నా దగ్గరికి రండి, చెబుతాను. నా పేరు కమరున్నీసా. ఏలూరులో తివాచీలు నేసే నన్నే సాహెబు గారి భార్యని. తమ్మిలేరు ఒడ్డున మాకు రెండు సెంట్ల కూరమడి ఉండేది. ముప్ఫై ఒకటో సంవత్సరం చలికాలంలో ఆ మడిలో తోటకూర, చుక్కకూర, మెంతికూర, వంకాయలు ఊరు ఊరంతా వచ్చి చూసిపోయేటంత బాగా పండాయి. ఆ చలికాలమంతా మేం చింతపండు చారు పోసుకుని తిన్నాం.

అదెలా కుదురుతుందని మీరు అడుగుతారు. మా ఆయన్ని కట్టుకుంటే ఏదైనా కుదురుతుంది.

ఆ ఏడు సముద్రం అవతల దొరలకి డబ్బు కరువొచ్చిందట. వాళ్ళు తివాచీలు కొనడం మానేశారు. వాళ్ళు అక్కడ వట్టి నేల మీద ఎలా నడుస్తున్నారో నాకు తెలియదు గాని, ఇక్కడ మాత్రం మా తివాచీల కంపెనీలో ముప్ఫై మగ్గాలు ఒక్క శుక్రవారం నాడు ఆగిపోయాయి. ముప్ఫై ఇళ్ళవాళ్ళు వెళ్ళి కంపెనీ గుమ్మం ముందు నిలబడ్డారు. కంపెనీవారు జాలిగుండెవారు. ఉన్ని ఆరబెట్టుకునే ఖాళీ స్థలం ఏటి ఒడ్డున పడి ఉంటే దాన్ని తాడుతో కొలిచి, ఇంటికి రెండు సెంట్లు చొప్పున పంచిపెట్టారు. మగ్గాలు మళ్ళీ ఆడేదాకా కూరగాయలు పండించుకుని సుఖంగా ఉండమన్నారు. అన్నం సంగతి వాళ్ళూ ఎత్తలేదు, వీళ్ళూ అడగలేదు.

మా ఆయన ఆ సాయంత్రం ఇంటికి వచ్చిన తీరు చూస్తే నవాబు గారు జాగీరు రాసిచ్చారేమో అనుకోవాలి. "కమరూ, మనకి మంచి నేల పడిందే. నాలుగు మూలలూ సరిగ్గా ఉన్నాయి" అన్నారు. నేల మెత్తనిదా, గట్టిదా, నీళ్ళు అందుతాయా అని చూసే మనుషులు ఉంటారు. మా ఆయన మూలలు చూశారు. నాకు అప్పుడే అనుమానం రావలసింది.

మిగిలినవాళ్ళందరూ మనుషుల్లాగే విత్తనాలు చల్లారు. మా పక్క మడి ఏసోబుది. కంపెనీలో ఉన్ని కడిగేవాడు. కొల్లేరు నుంచి రోజూ చేపలు తెచ్చి అమ్మే పెద్దింటయ్య, అమ్ముడుపోక కుళ్ళిన చేపల్ని, చేప తలకాయల్ని మడులవాళ్ళకి ఎరువుగా ఇచ్చేవాడు. అందరూ బుట్టలతో పట్టుకెళ్ళి మట్టిలో కలిపారు. మడులన్నీ పదిహేను రోజుల్లో విరగబడి పెరిగాయి. వాసన మాత్రం వంతెన మీద నడిచేవాళ్ళు కూడా ముక్కు మూసుకునేలా ఉండేది.

మా ఆయన చేప తలకాయ ముట్టుకోనన్నారు. "నేసే చోట కంపేమిటండీ" అన్నారు పెద్దింటయ్యతో. నేసే చోట అన్నారు చూడండి. కంపెనీ షెడ్డులో మిగిలిన ఉన్ని తుక్కు, మేకల పెంట కలిపి ఎరువు వేశారు. తరవాత నాలుగు మూలలా గుంజలు పాతి, నిలువునా అడ్డంగా దారాలు కట్టారు. నిలువు దారాలు పడుగు, అడ్డదారాలు పేక. తివాచీ బొమ్మని గళ్ళలో గీసిన నక్షా కాయితం తొడ మీద పరుచుకుని, ఒక్కొక్క గడిలో ఒక్కొక్క గింజ వేళ్ళతో పట్టి దించారు. ఎరుపు పడవలసిన చోట ఎర్ర తోటకూర, పచ్చ పడవలసిన చోట చుక్కకూర, లేత రంగుకి మెంతికూర, నడుమ పెద్ద పువ్వుకి వంగ మొక్కలు. ముప్ఫై ఏళ్ళు మగ్గం ముందు కూర్చున్న మనిషికి తోటకూర గింజ ఇచ్చినా ముడే వేస్తాడు. మూడు వారాలు వంగి, నడుం పట్టేసి, రాత్రిళ్ళు నాచేత ఆముదం రాయించుకున్నారు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి, లేకపోతే మీరు ఆయన్ని పిచ్చివాడనుకుంటారు. పూర్తిగా కాదు. తివాచీ పనిలో ఒక కట్టుబాటుంది. చివరి వరస చివరి ముడి పడేదాకా మగ్గం మీది పనికి కత్తి తగలకూడదు. సగంలో కోస్తే అది తివాచీ కాదు, గుడ్డపీలిక. ఆ కట్టుబాటుని మా ఆయన కూరమడికి తీసుకొచ్చారు. నడుమ పువ్వులో వంకాయ నీలి రంగు తిరిగేదాకా పని పూర్తి కానట్టే. పని పూర్తి కాకుండా ఒక్క ఆకు కోయకూడదు.

వంకాయ రంగు తిరగడానికి రెండున్నర నెలలు. తోటకూర ఇరవై అయిదు రోజులకే కోతకొస్తుంది. ఈ లెక్క తెలియడానికి నక్షా అక్కర్లేదు, కుంపటి ముందు నాలుగు రోజులు కూర్చుంటే చాలు. తోటకూర కంకి వేస్తుంటే ఆయన గోటితో కంకి గిల్లేవారు. చుక్కకూర ఒక ఆకు ఎత్తుగా లేస్తే, తివాచీ నూగు కత్తిరించే కత్తెరతో రేగిన ఆకు కొస ఒక్కటే కత్తిరించి నున్నగా చదును చేసేవారు. ఆ తుంపులు గాలిలో ఎగిరిపోయేవి. చాటలో పట్టుకుందామన్నా పప్పులో తాలింపుకి రానంత చిన్నవి.

ఊరంతా వచ్చి చూసింది. దెందులూరు నుంచి ఒక పెళ్ళివారు బండి ఆపుకుని దిగారు. ఎర్రటి అంచు, పచ్చటి నేల, నాలుగు మూలలా నాలుగు తీగలు, నడుమ పువ్వు. నిజం చెప్పాలంటే బాగుంది. నాకు బాగుందని ఆయనతో నేను అనలేదు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత. నేను ముసుగు కప్పుకుని ఏసోబు భార్య దగ్గరికి వెళ్ళి గుప్పెడు గోంగూర అడిగి తెచ్చుకునేదాన్ని. ఆవిడ మా మడి వంక ఒకసారి, నా వంక ఒకసారి చూసి, "మీ సాయిబు గారు చాలా నేర్పరండి బీబీ గారూ" అనేది. ఆ నేర్పు నేను తినలేకపోతున్నానని ఆవిడకీ తెలుసు.

ఇదంతా నవ్వుకుని ఊరుకునేదాన్నే. అంతలో మా సుగ్రా వచ్చింది.

సుగ్రా మా ఒక్కగానొక్క కూతురు. తాడేపల్లిగూడెంలో ఇచ్చాం. అల్లుడు రైసుమిల్లులో ఇంజను చూస్తాడు. కిందటేడు దానికి నాలుగో నెలలో కడుపు పోయింది. ఈ ఏడు మళ్ళీ నెల తప్పింది. మూడో నెల దాటినా వాంతులు ఆగడం లేదని, ఏడో నెలదాకా ఆగకుండా ముందుగానే అత్తగారు రైలెక్కించి పంపింది. స్టేషన్లో దిగిన పిల్లని చూసి నేను ముందు గుర్తుపట్టలేదు. చేతికి గాజులు నిలవడం లేదు. దారం చుట్టుకుంది.

ఏం పెట్టినా కడుపులో ఆగదు. నేను బజారు నుంచి చుక్కకూర తెచ్చి పప్పు చేశాను. కంచం ముందు కూర్చుని, "అమ్మా, చేపల వాసన" అని లేచిపోయింది. నిజమే, ఏలూరు బజార్లో కూరల బుట్టలూ కొల్లేరు చేపల బుట్టలూ ఒకదాన్నొకటి ఒరుసుకునే ఉంటాయి. మనకి తెలియదు, కడుపుతో ఉన్న పిల్లకి తెలుస్తుంది. ఏసోబు మడి నుంచి గోంగూర తెచ్చాను. అది చేప తలకాయల మీద పెరిగిన గోంగూర. గిన్నె మూత తీయగానే పెరట్లోకి పరుగెత్తింది. చారులో, అన్నంలో, మంచినీళ్ళలో కూడా దానికి చేప వాసనే తగులుతున్నట్టుంది.

అయిదో రోజున, ఆయన నమాజుకి వెళ్ళినప్పుడు, నేను ముసుగు కప్పుకుని ఏటి ఒడ్డుకి వెళ్ళాను. మా మడి ఈశాన్యం మూల నుంచి గుప్పెడు చుక్కకూర దొంగతనంగా కోసుకొచ్చాను. సొంత మడిలో దొంగతనం చేయడంలో ఉండే సుఖం కూడా ఆ ఏడే తెలిసింది. పప్పు చేసి పెట్టాను. సుగ్రా ఒక ముద్ద తిని ఆగింది. మళ్ళీ ఒక ముద్ద తింది. కంచం ఖాళీ చేసి, గోడకి ఆనుకుని అలాగే నిద్రపోయింది. నేను గుమ్మంలో కూర్చుని కాసేపు ఏడ్చాను.

మా ఆయన సాయంత్రం వచ్చి, "ఈశాన్యం మూల పదకొండు ముళ్ళు ఊడాయే" అన్నారు. పదకొండో పన్నెండో నేను లెక్కపెట్టలేదు. ఆయన అనుమానం ఎలకల మీద పడింది. ఎలకలు ఎంత పాడువో నేనూ నాలుగు మాటలు అన్నాను. మూడు రోజులు ఆ ఎలక పని సాఫీగా సాగింది. సుగ్రా బుగ్గల మీద కాస్త రంగు తేలింది.

నాలుగో రోజున కంపెనీ మేనేజరు నరసరాజు గారు మడులు తనిఖీ చేయడానికి వచ్చారు. మా మడి ముందు నిలబడి పొడుం పీల్చడం కూడా మరిచిపోయారట. "సాయిబూ, బందరు నుంచి తివాచీలు కొనే దొర గారు ఎనిమిది రోజుల్లో వస్తున్నారయ్యా. గోడౌనులో పాత సరుకు చూపిస్తే ఆయన మొహం తిప్పుకుంటాడు. ఇది చూపిస్తే నిలబడతాడు. మా నేతగాళ్ళు మట్టి మీద కూడా నేస్తారని చెబుతాను. ఒక్క ఆర్డరు పడిందంటే మగ్గాలు మొదలెడదాం. ఆకు కదలకూడదు సుమా" అన్నారు.

ఆ సాయంత్రం నుంచి మా ఆయనే కాదు, ముప్ఫై ఇళ్ళవాళ్ళూ వంతులు వేసుకుని మా తోటకూరకి కాపలా కాశారు. ఎలకకి దారి మూసుకుపోయింది.

ఇక దాచి లాభం లేదని ఆయనతో ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. ఎలకని నేనేనని, పిల్ల కడుపులో ఆ కూర ఒక్కటే ఆగుతోందని చెప్పాను. ఆయన నక్షా కాయితం తీసి మడత మీద మడత పెట్టారు. తరవాత, "ఎనిమిది రోజులే కమరూ. ముప్ఫై ఇళ్ళు" అన్నారు.

"కిందటేడు పోయిన బిడ్డ ముప్ఫై ఇళ్ళలో ఎవరింటి బిడ్డండీ?" అన్నాను.

ఆయన తల వంచుకున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది, ఆయన మీద జాలి కూడా వేసింది. ఈ రెండూ ఒకేసారి రావడం కంటే పెద్ద నరకం లేదు.

నేను ఊహించనిది ఏమిటంటే, సుగ్రా లోపలి నుంచి వచ్చి వాళ్ళ నాన్న పక్షం పట్టింది. చిన్నప్పుడు అది మగ్గం బల్ల మీద ఆయన పక్కనే కూర్చుని రంగులు నేర్చుకున్న పిల్ల. "కోయొద్దమ్మా. అబ్బాజాన్ ఇంత మంచి పని ఎప్పుడూ చెయ్యలేదు. ఎనిమిది రోజులు ఎలాగో ఓర్చుకుంటాను" అంది. కందకు లేని దురద కత్తిపీటకెందుకని నేనూ నోరు మూసుకున్నాను. మూసుకున్నానని చెప్పుకోవడమే గాని, గిన్నెలు మాత్రం ఆ వారమంతా చప్పుడు చేస్తూనే ఉన్నాయి.

పిల్ల ఓర్చుకుంది. గంజి తాగి కక్కింది. మజ్జిగ తాగి కక్కింది. ఏడో రోజు పొద్దున్న నీళ్ళ బిందె పక్కన పడిపోయింది. ఆసుపత్రి నర్సమ్మని పిలిపించాను. ఆవిడ నాడి పట్టుకుని, పిల్ల రెప్పలు ఎత్తి చూసి, నన్ను పక్కకి తీసుకెళ్ళింది. "ఏది తింటే అది పెట్టండమ్మా. ఇంకొక రోజు ఇలాగే గడిస్తే బిడ్డ నిలవదండి. తల్లి సంగతి కూడా నేను చెప్పలేను" అంది.

దొర వచ్చేది మర్నాడే. ఒక్క రోజు. ఆ ఒక్క రోజు నా దగ్గర లేదు.

నేను కొడవలి తీసుకున్నాను. ముసుగు సంగతి గుర్తు రాలేదు. పట్టపగలు, నెత్తి మీద కొంగైనా సరిగ్గా లేకుండా, బజారు మధ్య నుంచి ఏటి ఒడ్డుకి వెళ్ళాను. మడి చుట్టూ నేతగాళ్ళు కూర్చుని ఉన్నారు. మా ఆయన మడి నడుమ, వంగ మొక్కల పక్కన గొంతుక్కూర్చుని, ఒక్కొక్క కాయనీ పంచె కొంగుతో తుడుస్తున్నారు. రేపు దొర గారికి మెరవాలి కదా.

"లేవండి" అన్నాను. "పిల్ల పడిపోయింది. మీరు కోస్తారా, నన్ను కోయమంటారా?"

ముప్ఫై ఇళ్ళ మగవాళ్ళు అక్కడ ఉన్నారు, వాళ్ళ కడుపులు కూడా ఖాళీగానే ఉన్నాయి, నాకు తెలుసు. ఎవరైనా వచ్చి నా చెయ్యి పట్టుకుంటారనుకున్నాను. పట్టుకుంటే ఏం చెయ్యాలో కూడా అనుకుని ఉంచుకున్నాను. ఏసోబు ఒక్కడు లేచి, "కోసుకోండి బీబీ గారూ. మేం ఏం అనమండి" అన్నాడు.

మా ఆయన లేచి వచ్చి నా చేతిలో కొడవలి తీసుకున్నారు. పారేస్తారేమో అనుకున్నాను. మడి చివరి వరస దగ్గరికి వెళ్ళి కూర్చున్నారు. నక్షా కాయితం ఆయనకి అక్కర్లేదు. కళ్ళు మూసుకుని, మగ్గం దగ్గర ఉస్తాదు రంగులు పాడే రాగంతో, "రెండు ఎరుపు" అన్నారు.

షెడ్డులో అయితే ఉస్తాదు రంగు చెప్పగానే నేతగాళ్ళు బదులు పలికి ముడి వేస్తారు. మూడు నెలలుగా ఆ పాట ఎవరూ వినలేదు. గట్టు మీద నుంచి ముసలి చాంద్ బాషా, "రెండు ఎరుపు పడింది" అన్నాడు. మా ఆయన రెండు తోటకూర మొక్కలు కోశారు.

"నాలుగు పచ్చ."

"నాలుగు పచ్చ పడింది" అన్నారు ఈసారి పదిమంది.

నాలుగు చుక్కకూర మొక్కలు కోశారు. ఆకుకూర కోయడానికి కూడా మా ఆయనకి పాట కావలసి వచ్చింది. ఇంటి దగ్గర పిల్ల పడి ఉంటే ఈ కచేరీ ఏమిటని నా నోటిదాకా వచ్చింది. రాలేదు. ముందు కోసిన వరసలోని చుక్కకూర కొంగులో వేసుకుని ఇంటికి పరుగెత్తాను. వంతెన దాటేదాకా ఆ పాట వెనక నుంచి వినిపిస్తూనే ఉంది. ఆ మధ్యాహ్నం వాళ్ళు వరస వరసా చివర నుంచి మొదటిదాకా చదివి, మడి మొత్తం కోశారట. తివాచీ సగంలో కోయకూడదు కదా. కోస్తే అంతా కోయాలి. ముప్ఫై ఇళ్ళకీ తలా ఒక కట్ట పంచారు. ముదిరిన తోటకూర, కాడలు పీచు. ఎవరూ వంక పెట్టలేదు.

సుగ్రాకి మొదటి ముద్ద నేను తినిపించాను. రెండోది కూడా నేనే. మూడోది అది తన చేత్తో తీసుకుంది. మా ఆయన గుమ్మం బయటే నిలబడ్డారు, మట్టి చేతులతో, లోపలికి రాకుండా. అది కంచం నాకేదాకా చూశారు. ఒక గంట గడిచింది. కక్కలేదు. అప్పుడు వెళ్ళి చేతులు కడుక్కున్నారు.

మర్నాడు పొద్దున్న దొర గారు వచ్చారు. నేను వెళ్ళవలసిన పని లేదు, అయినా వెళ్ళాను. నరసరాజు గారు దొరతో ఇంగ్లీషులో పెద్దగా చెప్పుకుంటూ, చేతులు ఊపుకుంటూ ముందు నడిచి వచ్చి, మా మడి ముందు ఆగిపోయారు. రెండు సెంట్ల మోడు. దారాలు కూడా విప్పేశారు. దొర మోడుని చూశాడు, నరసరాజు గారిని చూశాడు, గడియారం చూశాడు.

నరసరాజు గారి మొహం ఎర్రబడింది. "ఏదయ్యా సాయిబూ? తివాచీ ఏదీ?"

ముప్ఫై ఏళ్ళలో మా ఆయన ఆ మనిషి ముందు తల ఎత్తి ఒక్క మాట అనడం నేను వినలేదు. జీతం తగ్గించినప్పుడు అనలేదు, మగ్గం ఆపినప్పుడు అనలేదు. ఏదో నసుగుతారని, క్షమించమని కాళ్ళు పట్టుకుంటారని, నేను సిగ్గుతో నేల చూడాలని సిద్ధపడి నిలబడ్డాను.

ఆయన రెండు చేతులూ కట్టుకుని, ఎంతో మర్యాదగా చెప్పారు.

"మా అమ్మాయి తినేసిందండీ."